వినే పెట్టె

“బద్దలు కొట్టు,” అంది తల్లి.

వడ్రంగి గోడకి బిగించిన చెక్కపెట్టె ముందు గొంతుక్కూర్చుని, వంచిన తీగముక్కని తాళం కన్నంలో పెట్టి అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“నిన్నే అంటున్నది.”

“వినపడింది.”

“వినపడితే కొట్టవేం?”

“వస్తుంది. కాస్త ఓపిక పట్టు.”

“పొద్దున లేచిన దగ్గర్నించీ ఓపికే పట్టుకుని కూర్చున్నాను. మీ అమ్మేమో తాళంచెవి నడుముకి కట్టుకుని చెప్పా పెట్టకుండా కొండెక్కింది. పిల్లకి మధ్యాహ్నం పరీక్ష. ఊరందరి తలుపులకీ తాళాలు బిగిస్తావు, సొంతింట్లో ఒక్క తాళం తియ్యలేవా?”

“నేను బిగించేవాణ్ణి. తీసేవాణ్ణి వేరే పేరుతో పిలుస్తారు.”

మామూలు రోజైతే ఈ మాటకి ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. ఇవాళ తీగముక్క కిర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

కూతురు గడప మీద కూర్చుని ఉంది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తాత గువ్వ అని పిలిచాడు. నర్సింగ్ కాలేజీలో చేరాక కూడా ఇంట్లో అదే పేరు. ఒంటి మీద తెల్లకోటు వేసుకుని, కింద మాత్రం ఇంట్లో తొడుక్కునే మాసిన బట్టలతోనే ఉంది. తెర మీద నడుము దాకానే కనిపిస్తుంది కదా అని రోజూ తండ్రి వేళాకోళం చేసే వేషమే అది.

ఆ కోటు తల్లి ఇస్త్రీ చేసింది. ఆసుపత్రిలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే గదిలో ఆమె పని. ఇన్నేళ్ళుగా ఎవరెవరి కోట్లో మడత పెట్టింది. నిన్న సాయంత్రం మాత్రం ఒక కోటు మడత పెట్టి, మళ్ళీ విప్పి చూసుకుని, మళ్ళీ మడత పెట్టింది. పక్కనున్న ఆవిడ “ఎవరిదే?” అంటే, “మా డాక్టరమ్మది,” అంది. “మీ పిల్ల చదివేది నర్సు కదే?” అంటే, “నువ్వు ఊరుకో,” అంది.

ఆ ముచ్చటంతా ఇప్పుడు ఈ తాళం దగ్గర ఆగిపోయింది.

నది పొంగి కాలేజీ కింది అంతస్తు మునిగిపోయిన దగ్గర్నించీ పాఠాలు, పరీక్షలు అన్నీ తెర మీదే. కొండ నుంచి వచ్చిన ఆదివాసీ పిల్లలు చదువుకి దూరమైపోతున్నారని కాలేజీవాళ్ళు ఇంటికొక లాప్‌టాప్, దానికి నెట్ అందించే చిన్న డబ్బా ఇచ్చారు. అవి రెండూ ఇప్పుడు ఆ చెక్కపెట్టెలో ఉన్నాయి. కిందటి పరీక్షకి కరెంటు లేక గువ్వ రాలేకపోయింది. ఇవాళ కూడా కనిపించకపోతే ఏడాది పోయినట్టే. లాప్‌టాప్ వెనక్కి పోయినట్టే.

“నాన్నా,” అంది గువ్వ మెల్లగా, “పోనీ మూత బందుల దగ్గర ఊడదీస్తే?”

“బందులు లోపలికి పెట్టానే తల్లీ.”

“గోడ నుంచి పెట్టెనే లాగేస్తే?”

“ఆ మరలు కూడా లోపల్నించే బిగించాను. దొంగవాడు వచ్చినా విసిగిపోయి వెళ్ళిపోవాలని.”

“దొంగవాడు రాలేదు,” అంది తల్లి. “మనమే విసిగిపోతున్నాం.”

ఆయన పనితనం మీద ఆయనకే మొదటిసారి కోపం వచ్చింది.

*

నిజానికి ఆ పెట్టె దొంగల కోసం చేసింది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే.

గువ్వకి ఒక వదిన ఉంది, మేనత్త కూతురు. ఇద్దరూ కలిసే కాలేజీలో చేరారు, హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు. వరదకి హాస్టల్ మూతపడ్డాక గువ్వ ఈ పట్నంలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసింది. వదిన కొండెక్కి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. మేకలు, వంటచెరకు, చిన్న చెల్లెళ్ళ పని. సంతరోజున కిందికి దిగి, గువ్వ పక్కన నేల మీద కూర్చుని పాఠం వినేది. తెర ఒక్కటే, తలలు రెండు. ఒకరి జుట్టు ఒకరి కళ్ళలో పడేది.

పోయిన నెల అన్నాల దగ్గర నానమ్మ నోరు తెరిచి అడిగింది.

“ఒరే, ఆ లాప్‌టాపు కొన్నాళ్ళు పైకి పంపరా. దానికీ చదువే కదా.”

“ఆ దారిలోనా? రాళ్ళూ, వానా. కొండెక్కితే అది బతకదమ్మా.”

“నేను బతుకుతున్నాను కదరా ఎక్కీ దిగీ.”

“నువ్వు పడితే లేస్తావు. అది పడితే లేవదు.”

నానమ్మ కంచం కడుక్కుని, బోర్లించి, చెయ్యి తుడుచుకుని వెళ్ళి పడుకుంది. మర్నాడు కొడుకు పెట్టెకి తాళం బిగించి, చెవి తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. పెద్దావిడ మనసు నొచ్చుకోకూడదని ఆయన ఉద్దేశం. ఆవిడ ఆ చెవిని చీరకొంగుకి కట్టి నడుములో దోపుకుంది. ఆమె ఉద్దేశం ఏమిటో ఎవరూ అడగలేదు.

ఆమె కొడుకు దగ్గరికి వచ్చి చాలా ఏళ్ళయింది. అయినా ఇప్పటికీ “ఇంటికి వెళ్ళొస్తాను” అంటే కొండే. తెల్లారకముందే ఇవాళ అలాగే వెళ్ళింది. పొరుగింటావిడ వాకిట్లో పలకరిస్తే, “ఇంటికెళ్తున్నానే, పనుంది,” అందట. చేతిలో పెద్ద మూట ఉందట.

*

బయట సైకిల్ స్టాండ్ వేసిన చప్పుడైంది.

“గువ్వా! ఏమ్మా, ఎన్నిసార్లు ఫోన్ చెయ్యాలి?”

లైబ్రరీ మేడమ్. కాలేజీలో పుస్తకాలు తడిసి ముద్దయ్యాక ఆవిడకి లాప్‌టాపులు పంచే పని అప్పగించారు. పరీక్ష రోజుల్లో పిల్లల్ని ఒక్కొక్కరినే తెర మీదికి అనుమతించేది కూడా ఆవిడే, తన ఫోన్లోంచి.

“నాన్న ఫోన్ మోగదు మేడమ్, కిందపడ్డ దగ్గర్నించీ,” అంది గువ్వ లేచి నిలబడుతూ.

“అయితే లాప్‌టాప్ తెరిచి ఉంచాలి కదా. పెద్ద మేడమ్ అప్పుడే ఒక్కొక్కరినీ ప్రశ్నలడగడం మొదలుపెట్టేశారు. నీ వంతు దగ్గరికి వచ్చేస్తోంది.” అంటూనే ఆవిడ పెట్టెనీ, పెట్టె ముందు కూర్చున్న మనిషినీ చూసింది. “మేస్త్రీ గారూ, ఏమిటిది?”

తల్లే చెప్పింది. తాళం, అత్తగారు, కొండ, అన్నీ. చెబుతూ చెబుతూ మధ్యలో మూలనున్న దేవుడి పటం వైపు చూసింది. పొద్దున అక్కడ దీపం పెట్టింది. దేవుడితో మాట్లాడటం ఒక్కోసారి ఆమెకి విచిత్రంగా అనిపిస్తుంది. మనం చెప్పాల్సింది చెప్పేస్తాం, కాసేపు ఊరుకుంటాం, ఆ తర్వాత ‘సరే, విన్నాడులే’ అని మనకి మనమే అనుకుని లేచి పనిలో పడతాం. నిజంగా విన్నాడో లేదో అడగడానికి నోరు రాదు. అలా అనిపించినందుకు నాలిక కరుచుకుంటుంది కూడా.

“పోనీ మేడమ్, మీ ఫోన్లోంచి చెప్పకూడదా పిల్ల?” అని అడిగింది.

“కుదరదమ్మా. ఎవరికిచ్చిన లాప్‌టాప్‌లోంచి వాళ్ళే కనిపించాలి. ఒకరి బదులు ఒకరు చెప్పేస్తున్నారని ఈ నిబంధన పెట్టారు.”

“మరి వాళ్ళ వదిన? దానికసలు లాప్‌టాపే ఇవ్వలేదు కదా మీరు.”

లైబ్రరీ మేడమ్ ఆగింది. “వాళ్ళ వదినా? ఆ అమ్మాయి చదువు మానేసింది కదా?”

“మానెయ్యలేదు!” అంది గువ్వ.

“తెర మీద ఎప్పుడూ కనిపించదే. కనిపించనివాళ్ళంతా మానేసినట్టే మాకు. ఇవాళ్టితో ఆ పేరు కూడా తీసేస్తున్నారు.”

“కనిపించడానికి లాప్‌టాప్ ఉండాలి కదా మేడమ్.”

“ఇంటికొకటి అన్నాం తల్లీ. నేనే స్వయంగా వచ్చి అడిగాను మీ నానమ్మని. ఎన్నిళ్ళమ్మా మీవి అంటే, ఒకటే ఇల్లు అంది. ఛాతీ మీద చెయ్యేసుకుని మరీ చెప్పింది.”

“ఇంకేం చెప్తుంది?” అంది తల్లి. గొంతు హెచ్చింది. “తల్లి బతికుండగా అన్నకీ చెల్లెలికీ వేరే ఇళ్ళు ఉంటాయా మేడమ్? ఒక పొయ్యి పైన ఉంది, ఒక పొయ్యి కింద ఉంది, అంతే. రెండిళ్ళు అని ఆవిడ నోటితో అంటే తను పోయానని తనే చెప్పుకున్నట్టు. మావాళ్ళలో ఎవరూ అనరు. ఎంతమంది పిల్లలు చదువుతున్నారని అడిగుంటే ఇద్దరని చెప్పేది.”

లైబ్రరీ మేడమ్ కొండవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది. తిరిగిన ప్రతి చోటా ఇదే ప్రశ్న అడిగింది. ఎన్ని గడపల్లో ముసలివాళ్ళు ఇలాగే ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారో ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది.

“ఆ మాట నాకెవరూ చెప్పలేదే,” అంది నీరసంగా.

“మాకు మాత్రం ఎవరు చెప్పారు, ఇల్లంటే మీ లెక్క వేరని?”

“అమ్మా, చాలు,” అంది గువ్వ. తర్వాత ఎవరి వైపూ చూడకుండా అంది, “వదిన సంతరోజున వచ్చి వినేది మేడమ్. పెట్టెకి తాళం పడిందని తెలిసిన దగ్గర్నించీ రావడం మానేసింది.”

వడ్రంగి చేతిలో తీగముక్క విరిగింది. సగం తాళంలోనే ఉండిపోయింది.

ఆయన లేచి, వాకిట్లో పనిసామాన్ల దగ్గరికి వెళ్ళి, ఉలీ సుత్తీ తెచ్చుకున్నాడు.

*

ఉలి అంచుని మూత మీద ఆనించాడు. చెయ్యి ముందుకు సాగలేదు.

ఆ మూత ఒకప్పుడు రేడియో ముఖం. కుడివైపు ముల్లు తిరిగిన చోట గీతలు ఇంకా ఉన్నాయి. మధ్యలో గుండ్రంగా రంగు తేలిపోయిన మచ్చ. అక్కడే గుడ్డ వెనకనుంచి గొంతు వచ్చేది.

కొండ మీద అన్ని గుడిసెలకీ కలిపి ఆ రేడియో ఒక్కటే. వడ్రంగి తండ్రి పొడవాటి గెడకి తీగ కట్టి, ఏ బండరాయి మీద నిలబెడితే గొంతు తేటగా వస్తుందో వెతికి వెతికి పట్టుకున్నాడు. పెద్దవాళ్ళు దాన్ని మాటల బండ అనేవాళ్ళు. మధ్యాహ్నం పూట పిల్లలకి పాఠాలు వచ్చేవి. బడి లేని కొండకి అదే బడి. పట్నం మాట సగం అర్థమయ్యేది కాదు. తండ్రి పక్కన నిలబడి, కొండమాటలో గట్టిగా తిప్పి చెప్పేవాడు.

రేడియో మాస్టారు లెక్క అడిగేవాడు. అడిగి కాసేపు ఊరుకునేవాడు. ఆ ఖాళీలో పిల్లలంతా గొంతులు చించుకుని అరిచేవాళ్ళు. అప్పుడు మాస్టారు చల్లగా అనేవాడు:

“ఆ, సరిగ్గా చెప్పారు పిల్లలూ.”

ఎంత సంతోషం! ఎక్కడో మేడలో కూర్చున్న పెద్దమనిషి తమ కొండ మీద అరుపు విన్నాడు, మెచ్చుకున్నాడు. పిల్లలు రాత్రి నిద్రలో కూడా లెక్కలు కలవరించేవాళ్ళు.

అన్న, ఈ వడ్రంగే, రేడియో పక్కనే కూర్చునేవాడు. చెల్లెలు మేకల వెనక ఉండేది. ఆడపిల్ల కాబట్టో, చిన్నది కాబట్టో, మేకలు ఎవరో ఒకరు కాయాలి కాబట్టో, అదెవరూ ఆలోచించినట్టు లేదు. బండ కింది వాలులో నిలబడి వినేది. అందరికంటే ముందు కిందినుంచి దాని గొంతే లేచేది.

ఒకరోజు అన్న తప్పు చెప్పాడు. తప్పని అరుస్తూండగానే తెలిసింది. కింది నుంచి చెల్లెలు చెప్పింది వేరే. రేడియో మాత్రం ఎప్పట్లాగే, “సరిగ్గా చెప్పారు పిల్లలూ,” అంది.

“ఎవరిని అంది నాన్నా? నన్నా, దాన్నా?”

తండ్రి నవ్వాడు. గెడ కింద కూర్చుని, కొడుకు తల నిమురుతూ చెప్పాడు. “అది వినదురా. మాట్లాడుతుందంతే. మనకోసం కాస్త ఆగుతుంది, పాపం. ఆగడమే దాని మంచితనం.”

ఆ రోజు ఎంత ఏడ్చాడో. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. మళ్ళీ అరిచాడు. వినదని తెలిసి కూడా అందరూ అరిచారు. చెల్లెలు ఇంకా గట్టిగా అరిచింది.

తండ్రి పోయాక ఆ రేడియోని తనే వీపున కట్టుకుని కొండ దించాడు. దారిలో కాలు జారింది. చెక్కకి గీత కూడా పడలేదు గానీ, పట్నం చేరాక అది నోరు విప్పలేదు. ఎందరికి చూపించినా పెదవి విరిచారు. లోపలి సామాను పారేసి, చెక్క మాత్రం దాచుకున్నాడు. ఇన్నేళ్ళకి ఆ చెక్కకి తగిన పని దొరికిందని ఈ పెట్టె చేశాడు. ఇందులో పెట్టేది వినే యంత్రం. అడిగితే జవాబు వినే యంత్రం. ఆ దారిలో దాన్ని ఎక్కనివ్వడం ఆయన వల్ల కాలేదు.

“మేస్త్రీ గారూ,” అంది లైబ్రరీ మేడమ్ గడియారం చూసుకుంటూ.

తల్లి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఇందాకటి కోపం లేదు ఆ చేతిలో.

“మామయ్య ఉంటే ఏం చేసేవాడో అదే చెయ్యి,” అంది.

ఆయన కళ్ళు మూసుకుని సుత్తి వేశాడు.

ఒక్క దెబ్బకి రాలేదు. పాతకాలపు టేకు. రెండో దెబ్బకి ఉలి జారి ఎడమ అరచేతిని చీరింది. గువ్వ పరిగెత్తుకొచ్చి, చెయ్యి లాక్కుని, శుభ్రమైన గుడ్డ మడిచి నొక్కి పట్టుకుంది.

“చెయ్యి పైకెత్తు నాన్నా. దించకు. దించొద్దన్నానా?”

“వదలవే, తర్వాత చూద్దాం.”

“నువ్వు రోగివి, మాట్లాడకు.”

లైబ్రరీ మేడమ్‌కి ఆ స్థితిలో కూడా నవ్వొచ్చింది. “ఈ పరీక్షేదో పెద్ద మేడమ్ చూస్తే బాగుండేది,” అంది.

కట్టు కట్టించుకుని ఆయన మళ్ళీ కొట్టాడు. ఈసారి మూత నిలువునా పగిలింది. ముల్లు గీతలు ఒకవైపు, గొంతు మచ్చ ఒకవైపు. చెక్క ముక్కని చేత్తో పట్టి లాగాడు.

అందరూ ముందుకి వంగి చూశారు.

పెట్టెలో ఏమీ లేదు.

అడుగున పరిచిన పాత దుప్పటి ముక్క చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది. లాప్‌టాప్ లేదు. నెట్ డబ్బా లేదు. వైరు కూడా లేదు.

“మూట!” అంది తల్లి. “పొరుగింటావిడ చెప్పింది కదయ్యా. పెద్ద మూట.”

వడ్రంగి పగిలిన మూత ముక్కని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఖాళీ పెట్టెని కాపాడటానికి పొద్దుట్నించీ పడ్డ యాతనంతా గుర్తొచ్చింది. ఖాళీ పెట్టె కోసం తండ్రి రేడియోని పగలగొట్టాడు.

“ఆ దారిలో తీసుకెళ్ళింది,” అన్నాడు.

గువ్వ తెల్లకోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకోవడం మొదలుపెట్టింది.

“ఆగు,” అంది లైబ్రరీ మేడమ్.

ఆవిడ తన ఫోన్ వంక చూస్తోంది. కళ్ళద్దాలు పైకి తోసుకుని మళ్ళీ చూసింది.

“గువ్వా, నువ్వు వచ్చేశావు.”

“ఎక్కడికి మేడమ్?”

“పరీక్షకి. నీ పేరు వచ్చింది. లోపలికి రానివ్వమని అడుగుతోంది.”

*

ఆవిడ వేలు తాకగానే తెర నిండా ఒక గడ్డం కనిపించింది. దాని మీద ముడతలు. తర్వాత ఒక ముక్కు, అటూ ఇటూ కదులుతూ.

“అమ్మమ్మా, వెనక్కి జరుగు, వెనక్కి!” ఎవరిదో గొంతు.

ముక్కు వెనక్కి జరిగి నానమ్మ అయింది. వెనక ఆకాశం. పక్కన వదిన, జుట్టు తడిపి నున్నగా దువ్వుకుని. తెల్లకోటు లేదు. తెల్లటి దుప్పటి భుజాల చుట్టూ కప్పుకుని ముందు పిన్ను పెట్టుకుంది. వాళ్ళ కింద ఉన్నది నల్లటి బండ. ఒక మూల పాత గెడ మొదలు, తీగ లేకుండా, వంగిపోయి నిలబడి ఉంది.

వడ్రంగి ఆ గెడని చూశాడు.

“మాటల బండ,” అన్నాడు.

తేటగా పలికే చోటు ఎక్కడో ఆ ముసలావిడకి తెలుసు. భర్త వెతికి పెట్టిన చోటు. రేడియో అయితేనేం, ఇదైతేనేం, ఎక్కడినుంచో గాల్లో వచ్చేదే కదా అనుకుని ఉంటుంది. ఆ రాళ్ళ దారిలో, ఆ వయసులో, దాన్ని పసిబిడ్డలా పొత్తిళ్ళలో చుట్టుకుని ఎక్కేసింది. గీత కూడా పడలేదు.

“ఈ అమ్మాయెవరు?” పెద్ద మేడమ్ గొంతు. తెరలో ఒక మూల కళ్ళద్దాల ముఖం. “కింద కనిపిస్తున్న పేరు మీదేనా?”

వదిన పక్కనున్న నానమ్మ మోచెయ్యి పట్టుకుంది. అవునంటే గువ్వ బదులు చెప్పిన దొంగ అవుతుంది. కాదంటే ఆ పేరు మీద వచ్చినందుకు ఇద్దరికీ ఏడాది పోతుంది. ఆ పిల్లకి ఈ నిబంధనల సంగతి ఎవరూ చెప్పి ఉండరు. కనిపించనివాళ్ళకి నిబంధనలు మాత్రం ఎవరు చెప్తారు?

“ఆ పేరు దీనిది కాదమ్మా, ఇది కూడా మా పిల్లే,” అని నానమ్మ అందుకుంది, పట్నం మాటా కొండమాటా కలిపేసి. “ముందు దీన్ని అడుగు. తర్వాత ఇంకొకత్తి ఉంది, కింద. దాన్ని కూడా అడుగుదువు గాని. తొందరేముంది, కూర్చో.”

“అమ్మా!”

వడ్రంగి అరిచాడు. లైబ్రరీ మేడమ్ చేతిలో ఫోన్ అదిరేలా, చిన్నప్పుడు బండ మీద అరిచినంత గట్టిగా. అరిచాక తనే బిత్తరపోయాడు.

కొండ మీద నానమ్మ టక్కున తల తిప్పింది. బండ చుట్టూ ఎవరెవరో ఉన్నట్టున్నారు, గుసగుసలు ఆగిపోయాయి. వాలు కింది నుంచి ఒక ఆడగొంతు, మేకల మెడగంటల మధ్య, “అన్నయ్యా?” అంది.

ఈ పెట్టె వింది.

ఆయన కట్టు కట్టిన చెయ్యి దించకుండా అలాగే పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు, బడిలో జవాబు తెలిసినవాడిలా.

“అక్కడా మనుషులు, ఇక్కడా మనుషులు! ఏమిటీ గోల?” అంది పెద్ద మేడమ్. “లైబ్రరీ మేడమ్, మీరెక్కడున్నారు? నేను ఒక్కటే అడుగుతున్నాను. ఆ లాప్‌టాప్ ఎవరిది? ఎవరో ఒక్కరు జవాబు చెప్పండి.”

లైబ్రరీ మేడమ్ ఏదో చెప్పబోయి గువ్వ వైపు చూసింది. ఫోన్ ఆ పిల్ల చేతిలో పెట్టింది.

చిన్న తెరలో వదిన ముఖం. సంతరోజున పక్కన కూర్చుని, చెవిలో జవాబు చెప్పి, “నువ్వే చెప్పు, వాళ్ళు నన్ను చూస్తే నాకు సిగ్గు,” అనే ముఖం. ఆమె కూడా ఇటే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఒకే తెర ముందు కూర్చున్నవాళ్ళు, ఇప్పుడు తెరకి అటొకరు ఇటొకరు.

తల్లి గువ్వ విప్పిన కోటు గుండీని మెల్లగా పెట్టింది. వద్దనీ అనలేదు, చెప్పమనీ అనలేదు.

“మాది మేడమ్,” అంది గువ్వ.

అదే క్షణంలో కొండ మీద నుంచి, “దానిది మేడమ్,” అంది వదిన.

రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

పెద్ద మేడమ్ ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసింది. అటు కొండా, ఇటు గదీ చడీచప్పుడు లేకుండా ఆమె ముఖంలోకే చూస్తున్నాయి.

ఆ ఖాళీ వడ్రంగికి బాగా తెలుసు. దాని తర్వాత రేడియోలో వచ్చే మాటా తెలుసు. కానీ ఆ మాట చెప్పిన పెట్టె వినని పెట్టె.

ఇది విన్నది. ఏమంటుందో.